అరువు నడకలు

“మంగళవారం ఎవడిలా పరిగెడతావురా? అది చెప్పి కదులు. ఎవడిలా?”

“ఆంటీ, కాస్త గొంతు తగ్గించు. జనం ఇప్పుడే చర్చి నుంచి ఇళ్లకొస్తున్నారు.”

“రానీ. విననీ. పొద్దుట్నుంచీ దేవుడికి మొరపెట్టుకున్నదే, వీళ్లు వింటే కొత్తగా పోయేదేముంది? ఆ ప్రిన్సిపాల్ మన గడప ఎక్కి, ‘మిస్ ఒఫీలియా, మీవాడు మా పిల్లలకి ఆట నేర్పితే చాలు’ అని అడిగి వెళ్లాడు. మంగళవారానికల్లా మాట చెప్పమన్నాడు. నువ్వేమో మంగళవారం టెక్సాస్‌లో ఉంటానంటావు.”

“ఒక్కసారి, ఆంటీ. ఇదొక్కసారి.”

“నీ ‘ఒక్కసారి’ని నీకు పాలపళ్లు ఊడినప్పట్నుంచీ వింటున్నాను.”

“ఆ జట్టువాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. నేను పోయి అడుక్కోలేదు.”

“ఎవరికి చేశారు ఫోన్? నువ్వెవరో వాళ్లకి తెలుసా? నాకే తెలీట్లేదు. నిన్న చెత్త పారేసి పెరట్లోంచి వస్తున్నావు. కిటికీలోంచి చూసి, ఎవడో పరాయి మగాడు జొరబడ్డాడని చీపురు అందుకున్నాను. పెంచినదాన్నిరా నేను! నీ ముడ్డి కడిగినదాన్ని! నీ నడక నాకే గుర్తు తెలీకుండా పోయింది.”

వెనక మెట్ల మీద ఎజెల్ ప్రూయిట్ చేపల పెట్టె భుజాన పెట్టుకుని ఆగిపోయాడు. పెట్టె అక్కడ దించేసి జారుకోవచ్చు. జారుకోలేదు. ఇలాంటి గొడవ వినబడుతుంటే జారుకునేవాడు ఈ కౌంటీలో ఇంకా పుట్టలేదు.

లోపల్నుంచి ముసలావిడ గొంతు మళ్లీ లేచింది.

“ఎజెల్! చాటు నుంచి విన్నది చాలు. ఆ చేపలు కుళ్లకముందే లోపలికి తే.”

“వస్తున్నా, మిస్ ఒఫీలియా. ఇప్పుడే వచ్చాను.”

“ఇప్పుడే వచ్చినవాడి చెమట అలా కారదు.”

మార్సెల్ టబ్స్ పెట్టె అందుకోవడానికి ఎదురొచ్చాడు. నాలుగడుగులు వేశాడేమో. కుడి భుజం కొద్దిగా పైకెత్తి, మడమలు నేలకి ఆనీ ఆనకుండా, మెడ ముందుకి పొడుచుకుంటూ. ఎజెల్ ఆ నడకని టీవీలో బోలెడన్నిసార్లు చూశాడు. అది షిలో మెబేన్ అనే పెద్ద ఆటగాడి నడక. మెబేన్ ఈ ఊరివాడు కాదు, ఈ రాష్ట్రంవాడు కూడా కాదు.

ముసలావిడ కూడా చూసింది. ఎజెల్ మొహం వంక చూసింది. కత్తి తీసి చేప పొట్ట చీల్చింది.

“సరే,” అంది. “ఎజెల్, నువ్వే వీణ్ణి సాయంత్రం స్కూలు మైదానానికి తీసుకుపో. చిన్నప్పట్నుంచీ వీడికి బంతి విసిరినవాడివి నువ్వే. వీడు వీడిలా పరిగెడితే నాకొచ్చి చెప్పు, టెక్సాస్ పోనిస్తాను, దారికి కేకు కూడా కట్టిస్తాను. లేదంటే ప్రిన్సిపాల్‌కి రేపు పొద్దున నేనే ఫోన్ చేస్తాను. అబద్ధమాడావో, నీ మొహం చూడగానే నాకు తెలిసిపోతుంది.”

“నన్నెందుకు ఇరికిస్తారు, మిస్ ఒఫీలియా?”

“ఇంకెవరున్నారు మరి?”

మార్సెల్ వంచిన తల ఎత్తలేదు. “ఒప్పుకున్నాను,” అన్నాడు. ముప్పై రెండేళ్ల మనిషి, అంత పొడుగు మనిషి, శిక్ష ఒప్పుకున్నట్టు చెప్పాడా మాట.

మార్సెల్ అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగులో ఏడేళ్లున్నాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటుంది. ఆ ఏడేళ్లలో నిజంగా ఆడిన ఆట ఒక్కటే. అది కూడా ఊరంతటికీ తెలుసు, మొహం మీద మాత్రం అనరు. వాడి వెనక అంటారు.

స్కూల్లో వాడు రిసీవర్. ఎజెల్ బంతి విసిరేవాడు, వాడు పరిగెత్తి పట్టుకునేవాడు. రాష్ట్రంలో ఆ ఇద్దరినీ ఆపిన జట్టు లేదని చెప్పుకోవడం ఇక్కడి మంగలి షాపుల్లో ఇప్పటికీ ఒక కాలక్షేపం. తర్వాత ఎజెల్ మోకాలు పోయింది, చేపల చెరువుల దగ్గర మేత లారీ ఎక్కాడు. మార్సెల్ చిన్న కాలేజీకి వెళ్లాడు. అక్కడి కోచ్‌కి బంతి విసిరించడం ఇష్టం ఉండేది కాదు. నాలుగేళ్లూ అవతలివాళ్లని అడ్డుకునే పనే వాడికి అప్పగించి, పరుగు కూడా ఆ పనికి తగ్గట్టు మార్పించాడు. అయినా వాడి చేతులు చూసి ఉత్తరాదిన ఒక జట్టు తీసుకుంది. అసలు జట్టులోకి కాదు, ప్రాక్టీసు మనుషుల్లోకి. అంటే ఆదివారం ఆడేవాళ్ల కోసం మిగతా వారమంతా దెబ్బలు తినిపెట్టేవాళ్లలోకి.

మొదటి బుధవారం, అవతలివాళ్లని ఆపే ఆటగాళ్లకి కోచ్ అయిన వుజిక్ వాడి మీదకి ఒక ఎర్ర పైతొడుగు విసిరాడు. దాని మీద, ఆ ఆదివారం ఎదురుపడబోయే జట్టులోని పెద్ద రిసీవర్ నంబరు ఉంది.

“ఈ వారం నువ్వు వీడివి,” అన్నాడు వుజిక్. “మావాళ్లు ఆదివారం వీణ్ణి ఆపాలి. అందుకని ఇవాళ్టి నుంచే వీణ్ణి చూసి చూసి వాళ్లకి విసుగెత్తాలి. అర్థమైందా?”

ప్రతి జట్టులోనూ ఇది మామూలే. మిగతావాళ్లు ఆ తొడుగు వేసుకుని, కోచ్ చూపించిన బొమ్మ ప్రకారం అటూ ఇటూ పరిగెత్తి, భోజనానికి పోతారు. మార్సెల్ అలా చెయ్యలేదు. ఆ మనిషి ఆడిన వీడియోలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. మొదలుపెట్టే ముందు ఏ పాదం వెనక పెడతాడు, మలుపు తిరగబోయే ముందు ఏ భుజం దించుతాడు, బంతి తనకి రాదని ముందే తెలిసినప్పుడు ఎంత బద్ధకంగా కదులుతాడు, కిందపడ్డాక నడుం పట్టుకుని లేస్తాడా, నేల తన్ని లేస్తాడా. అన్నీ ఒంటికి పట్టించుకున్నాడు. శుక్రవారానికి ఆ మనిషే మైదానంలోకి దిగినట్టుంది.

“అచ్చం వాడేరా!” అని అరిచాడు ట్రెమైన్. మార్సెల్ జట్టులోనే, అవతలి రిసీవర్లకి కాపలా కాసేవాడు ట్రెమైన్. “చూస్తుంటే దవడ పగలగొట్టాలనిపిస్తోంది!”

అదే వారం పగలగొట్టాడు కూడా. దవడ కాదు, ఎడమ చేతి వేలు. ఇప్పటికీ వంకరే అది. తర్వాత మంచు ముక్కలు తెచ్చి పక్కన కూర్చున్నాడు. “నీ మీద కోపం కాదు తమ్ముడూ, వాడి మీద,” అన్నాడు.

“వేలు మాత్రం నాది,” అన్నాడు మార్సెల్.

గది గదంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ ఆదివారం ట్రెమైన్ అసలు మనిషికి ఒక్క బంతి కూడా అందనివ్వలేదు. మెచ్చుకోళ్లన్నీ ట్రెమైన్‌కి వచ్చాయి. వుజిక్ మాత్రం వెళ్తూ వెళ్తూ మార్సెల్ వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ ఒక్క చరుపు చాలు వాడికి. పిచ్చోడు.

అక్కణ్ణుంచి అదే వాడి ఉద్యోగమైంది. వారానికొక మనిషి. గదిలోకి రాగానే అందరూ, “ఏం మార్సెల్, ఈ వారం నువ్వెవరు?” అనేవాళ్లు. బంతి విసిరించే వైపు కోచ్‌లు, అంటే వాణ్ణి అసలు ఆటలోకి తీసుకోవాల్సినవాళ్లు, వాడి పేరు కూడా ఎరగరు. తొడుగు మీద ఏ నంబరుంటే ఆ నంబరుతో పిలిచేవాళ్లు. ఏడాదికి రెండు మూడు సార్లు మంగళవారం పొద్దున వాణ్ణి తీసేసేవాళ్లు. బట్టలు చెత్తసంచిలో కుక్కుకుని బయటికొచ్చేవాడు. వుజిక్ గోల చేస్తే బుధవారం మళ్లీ పిలిచేవాళ్లు. “వీడు లేకపోతే మా కుర్రాళ్లు ఎవణ్ణి చూసి నేర్చుకోవాలి?” అని అరిచేవాడట వుజిక్. అది పొగడ్త అనుకుని ఫోన్లో ఎజెల్‌కి చెప్పేవాడు మార్సెల్.

భార్య యోలాండా మొదట్లో సరదాగానే ఉండేది. “ఒకణ్ణి చేసుకుంటే వారానికొకడు ఇంటికొస్తున్నాడు, నా అంత అదృష్టవంతురాలు ఎవరే!” అని స్నేహితురాళ్లతో అనేది. ఒక నవంబరులో వాడు చీలమండ దెబ్బతిన్న ఆటగాణ్ణి దింపాల్సి వచ్చింది. వారమంతా కుంటాడు. మైదానంలో కుంటాడు, కూరగాయల కొట్లో కుంటాడు. ఒకరోజు పొద్దున్నే మంచం మీంచి లేచి బాత్రూముకి కుంటుకుంటూ పోతుంటే ఆమె దుప్పట్లోంచి చూసింది. ఎవరూ చూడని చోట, నిద్రమొహంతో, లేని దెబ్బకి కుంటుతున్నాడు. ఆ రోజే పెట్టె సర్దుకుంది. వాడు తలుపు దగ్గర నిలబడి, “ఏం చేశాను నేను?” అని అడిగాడట. “నువ్వేమీ చెయ్యలేదు,” అందట ఆమె.

ఎజెల్ తండ్రి పోయినప్పుడు జట్టుకి ఆ వారం ఆట లేదు. మార్సెల్ రెండు విమానాలు మారి వచ్చాడు. శవపేటిక మోసే ఆరుగురిలో ముందు వరసలో నిలబడ్డాడు. చర్చి గుమ్మం దాటి స్మశానం వైపు నడుస్తుంటే పేటిక ఎగిరెగిరి పడుతోంది. అడుగడుక్కీ వాడు ఒంటికాలి మీద తేలిపోతూ, మెడ ఆడిస్తూ నడుస్తున్నాడు. ముందు వారం చేసిన మనిషి ఎవడో ఇంకా వాడి ఒంట్లోంచి దిగలేదు. జనం తాగొచ్చాడనుకున్నారు. కొందరు ఎగతాళి అనుకున్నారు. ఎజెల్ తమ్ముడు గొయ్యి పక్కనే వాడి కాలర్ పట్టుకున్నాడు. “మా నాన్నని మోస్తున్నావా, డాన్సు చేస్తున్నావా?” అన్నాడు. మార్సెల్‌కి వాళ్లేమంటున్నారో నిజంగా అర్థం కాలేదు. ఎజెల్ ఏడాదిపాటు వాడితో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక కూడా ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఇక ఆ ఒక్క ఆట.

డిసెంబరు. ఉన్న రిసీవర్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి మంచం పట్టారు. శనివారం పొద్దున మార్సెల్ చేతికి అసలు చొక్కా ఇచ్చారు. వీపు మీద టబ్స్ అని కుట్టి ఉంది. ఆదివారం ఊళ్లో చర్చి హాల్లో తెర కట్టారు. వేయించిన చేపలు, మొక్కజొన్న ఉండలు, వంద మంది జనం. మిస్ ఒఫీలియా ముందు కుర్చీలో చర్చికి పెట్టుకునే టోపీతో కూర్చుంది.

ఆ రోజు అవతలి జట్టు మెబేన్ ఉన్న జట్టు. అంటే ఆ వారమంతా మార్సెల్ మెబేన్‌గా ఉన్నాడు. బుధ, గురు, శుక్ర. అసలు మెబేన్ కంటే బాగా చేశాడని ట్రెమైన్ పొగిడాడు కూడా.

ఆట మూడో భాగంలో, ఈసారి బంతి వాడికే విసురుతామని కబురొచ్చింది. చాలా మామూలు దారి. పది గజాలు నిటారుగా వెళ్లి, మైదానం అంచు గీత వైపుకి, బయటికి తిరగాలి. స్కూల్లో ఎజెల్, వాడూ కళ్లు మూసుకుని చేసేది. బంతి కదిలింది. మార్సెల్ పది గజాలు వెళ్లాడు. కుడి భుజం లేచింది. మెడ పొడుచుకుంది. వాడు లోపలికి తిరిగాడు. మెబేన్ ఎప్పుడూ లోపలికే తిరుగుతాడు.

బంతి బయటికి వచ్చింది. అక్కడ అవతలివాడొక్కడే ఉన్నాడు. పట్టుకుని అటునుంచి ఇటు మైదానమంతా పరిగెత్తాడు, ఒక్క మనిషి అడ్డు లేకుండా.

చర్చి హాల్లో ఎవడో చేతిలో ప్లేటు నేలకేసి కొట్టాడు. టీవీవాళ్లు అదే ముక్క మళ్లీ మళ్లీ వేశారు. మూడోసారి వేసినప్పుడు, వెనకాల బెంచీ మీద కూర్చున్న మెబేన్ కనిపించాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, మార్సెల్‌ని చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. నేనేరా అది, అన్నట్టు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

మిస్ ఒఫీలియా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎజెల్ ఆమెని ఇంటి దగ్గర దించాడు.

మంగళవారం తీసేశారు. బుధవారం ఎవరూ పిలవలేదు. వుజిక్‌ని కూడా ఆ సీజను చివర్లో పంపించేశారట.

ఇది జరిగి రెండేళ్లు. ఆ రెండేళ్లూ వాడు ఆంటీ ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున పరిగెడతాడు, మధ్యాహ్నం తలనొప్పని చీకటి గదిలో పడుకుంటాడు. పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోతాడు. రెండుసార్లు వంటింట్లో పొగ కమ్మింది.

ఆ సాయంత్రం ఇద్దరూ మైదానానికి వెళ్లేసరికి ఎండ చల్లబడింది. గేటు గొలుసు ఎప్పటిలాగే ఉత్తుత్తిదే, లాగితే ఊడొచ్చింది. ఎజెల్ లారీలోంచి బంతి తీశాడు. పొట్ట బెల్టు మీదకి జారింది, మోకాలికి పట్టీ ఉంది. భుజం మాత్రం ఇంకా బాగానే పనిచేస్తుంది.

“టెక్సాస్‌వాడు ఏమన్నాడసలు?” అన్నాడు.

“‘నువ్వు అందరినీ దింపగలవని విన్నాం, మాకు నకలు అక్కర్లేదు. నీ ఆట చూస్తాం, నువ్వు నీలా పరిగెత్తు’ అన్నాడు.”

“ఇంకేం, సులువేగా.”

“ఊఁ.”

మొదటి పరుగుకి ఎజెల్ నవ్వుతూ అరిచాడు. “ఒరేయ్, వీడు ఆ కాలిఫోర్నియావాడు! గడ్డానికి రంగేసుకుంటాడే, వాడు!”

మార్సెల్ కూడా నవ్వుతూ వెనక్కొచ్చాడు. “సరే, సరే. ఇంకోటి వెయ్యి.”

రెండోది ఇంకొకడు. మూడోది మెబేన్. నాలుగోసారి ఎజెల్ అరవలేదు. ఎవరిదో పోల్చుకున్నాడు, పేరు నోట్లోనే మింగేశాడు. మార్సెల్ ప్రతిసారీ బంతి పట్టుకున్నాడు. చేతులు చెక్కు చెదరలేదు. కాళ్లే. ప్రతి పరుగు తర్వాతా వెనక్కొచ్చి ఎజెల్ మొహం చూస్తాడు. చూసి, మళ్లీ గీత దగ్గరికి పోతాడు. తర్వాత తర్వాత ఒకే పరుగులో ఇద్దరు ముగ్గురు రావడం మొదలైంది. ఒకడి పాదం, ఇంకొకడి భుజం. మధ్యలో కాళ్లు తడబడి గడ్డిలో మోకాళ్ల మీద పడ్డాడు. నడుం పట్టుకుని లేవబోయి ఆగాడు. నేల తన్ని లేవబోయి ఆగాడు. ఎలా లేవాలో తెలీనట్టు అలాగే ఉండిపోయాడు.

ఎజెల్ కుంటుకుంటూ దగ్గరికెళ్లి పక్కన కూలబడ్డాడు. దోమలు లేచాయి. చెరువుల వైపు నుంచి మేత వాసన వస్తోంది.

“మన స్కూలు టేపులు ఉంటే చూసేవాణ్ణి,” అన్నాడు మార్సెల్.

“తుపాను గాలికి కోచ్ గదే లేచిపోయింది కదరా. టేపులెక్కడివి?”

“కాలేజీ వీడియోలు చూశాను. అది నేను కాదు. ఆ కోచ్ చేసిన బొమ్మ.”

“మీ ఆంటీకి ఏం చెప్పమంటావు?”

“అప్పుడే చెప్పకు.” మార్సెల్ వంకర వేలు గడ్డిలో పెట్టి గీస్తున్నాడు. “స్కూలు ఉద్యోగమంటే నాకు చిన్నతనం కాదురా. పిల్లలు వచ్చి ‘ఎలా పరిగెత్తాలి సార్’ అంటే ఏం చూపించను? మెబేన్‌నా?”

ఎజెల్‌కి ఇంకో సంగతి గుర్తొచ్చింది. బంతి విసిరేవాడికి స్కూల్లో మొట్టమొదట నేర్పేది, విసిరే వైపు చూడకు, చూస్తే అవతలివాళ్లు పసిగడతారు, అని. ఎజెల్ ఆ మాట తప్పలేదు. ఎడమవైపు చూస్తూ మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, ఆఖర్న తల తిప్పీ తిప్పకుండానే కుడివైపు ఖాళీ జాగాలోకి విసిరేసేవాడు. అక్కడికి మార్సెల్ వస్తాడు. ఎప్పుడూ వచ్చాడు. జనం అరుపు వినబడ్డాకే ఎజెల్ అటు చూసేవాడు. అప్పటికి బంతి వాడి చేతుల్లో ఉండేది. నాలుగేళ్లలో వాడు పరిగెత్తడం ఎజెల్ ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాడు. మార్సెల్ అప్పటికే వాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఎజెల్, నాలుగేళ్లు నన్ను చూసినవాడివి నువ్వొక్కడివేరా. లే. ఒక్కసారి నాలా పరిగెత్తి చూపించు. మెల్లగానే, నీ మోకాలి సంగతి నాకు తెలుసు. నడిచినా సరే. నువ్వు నేను అయితే చాలు, చూసి నేర్చుకుంటాను. నాకొచ్చిన పనే కదా అది.”